తల్లుల చలవ... చల్లని బడి!

మే నెలలో రేకుల కప్పు కింద ఓ గంట కూర్చుని చూడండి. పొయ్యి పక్కన కూర్చున్నట్లే ఉంటుంది. మరి పిల్లలు రోజంతా అక్కడే పాఠాలు వినాలంటే?

ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో గాండో అనే పల్లె. ఊళ్లో బడి లేక ఫ్రాన్సిస్ కెరె ఏడేళ్లకే ఇల్లు వదిలాడు. సెలవులకొచ్చి తిరిగి వెళ్లేటప్పుడు ఆడవాళ్లు దాచుకున్న ఆఖరి చిల్లర కూడా చేతిలో పెట్టేవారట, చదువుకుని ఊరికి మేలు చేస్తాడని. జర్మనీలో ఆర్కిటెక్చర్ చదువుతూనే చందాలు పోగుచేసి, 2001కల్లా ఆయన ఊరికి బడి కట్టించాడు.

గోడలు ఊరి మట్టిలో కాస్త సిమెంటు కలిపిన ఇటుకలవి. గదిపై సందులున్న ఇటుకల కప్పు, దానిపైన ఎడం వదిలి రేకులు. వేడిగాలి సందుల్లోంచి పైకి పోతుంది, కిటికీల్లోంచి చల్లగాలి వస్తుంది. కరెంటుతో పనేలేదు!

పిల్లలు పునాదికి రాళ్లు తెచ్చారు. ఆడవాళ్లు నీళ్లు మోశారు, గంటలకొద్దీ నేల దిమ్మిస కొట్టారు. 2022లో కెరెకి ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. ఆఫ్రికా వాళ్లలో ఆయనే మొదటివాడు.

మీ ఊరి బడికి కొత్త గది కడుతున్నారా? "గాలి ఎటు వస్తుంది? వేడి ఎటు పోతుంది?" అని మీటింగులో అడగండి. మొహమాటం దేనికి? కూర్చునేది మన పిల్లలే కదా!