గూగుల్‌కు 97 శాతం అంటారు.. ఏ నూటిలో 97?

మన దేశంలో ఇంటర్నెట్‌లో వెతికేవాళ్లలో నూటికి 97 మంది గూగుల్‌నే వాడతారని తరచూ చదువుతుంటాం. మిగిలిన కొద్దిపాటి వాటాను బింగ్, యాహూ, డక్‌డక్‌గో లాంటివి పంచుకుంటాయి. అంకె కాస్త అటూ ఇటూగా సరైనదే. దాన్ని చెప్పే తీరులోనే తేడా ఉంది. ఆ 97 అనేది మనుషుల లెక్క కాదు, ఎన్నిసార్లు వెతికారన్న లెక్క కూడా కాదు. మరి దేని లెక్క?

వార్తల్లో ఎక్కువగా కనిపించే అంకె ఐర్లాండ్‌కు చెందిన స్టాట్‌కౌంటర్ సంస్థది. లక్షలాది వెబ్‌సైట్లలో ఆ సంస్థ ఇచ్చిన చిన్న కోడ్ ఉంటుంది. ఎవరైనా ఆ సైట్‌లో పేజీ తెరిస్తే, ఏ సెర్చ్ ఇంజిన్ నుంచి వచ్చారో ఆ కోడ్ రాసుకుంటుంది. గూగుల్ నుంచి వస్తే గూగుల్ ఖాతాలో, బింగ్ నుంచి వస్తే బింగ్ ఖాతాలో పడుతుంది. చివరికి శాతం కడతారు.

రేపల్లె రైల్వే స్టేషన్ పక్కన ఒక హోటల్ ఉందనుకోండి. టిఫిన్‌కు వచ్చిన ప్రతి ఒక్కరినీ "రైల్లో వచ్చారా, బస్సులోనా?" అని అడిగి రాసుకున్నారు. సాయంత్రానికి వందలో 80 మంది రైలు అన్నారు. అలాగని తెనాలి నుంచి రేపల్లె వచ్చేవాళ్లలో 80 శాతం రైలే ఎక్కుతారని చెప్పగలమా? చెప్పలేం. బస్సు దిగి నేరుగా ఇంటికి వెళ్లినవాళ్లు ఆ పుస్తకంలో లేరు. రోజుకు మూడుసార్లు టీకి వచ్చిన ఒకాయన మాత్రం మూడుసార్లు ఉన్నాడు.

సెర్చ్ లెక్కలోనూ ఇదే జరుగుతుంది. బాపట్లలో ఒకరు "సూర్యలంక ఎంత దూరం" అని ఫోన్‌లో అడిగారు. జవాబు పైనే కనబడింది, ఫోన్ జేబులో పెట్టుకున్నారు. రంజాన్‌లో ఇఫ్తార్ టైమ్ వెతికినా అంతే. ఏ సైట్‌లోకీ వెళ్లలేదు కాబట్టి ఆ వెతుకులాట స్టాట్‌కౌంటర్ దాకా చేరదు. యూట్యూబ్ యాప్‌లో వెతికింది అసలే చేరదు. మనం తెలుగులో అడిగామా, ఉర్దూలోనా, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాశామా అన్నది కూడా ఆ శాతంలో కనబడదు.

ఇంకో పద్ధతి మన టీవీ రేటింగుల లాంటిది. కొంతమందిని ఎంచుకుని, వాళ్ల అనుమతితో ఏం వెతుకుతున్నారో నమోదు చేసి, దాన్ని దేశమంతటికీ లెక్కగడతారు. అమెరికాలో కామ్‌స్కోర్ ఇలా చేసేది. అక్కడ 2010లో ఒక చిక్కొచ్చింది. యాహూ, బింగ్ పేజీల్లో ఫొటోలు ఒక్కొక్కటీ జరుపుతుంటే వెనకాల వాటంతటవే సెర్చ్‌లు నడిచేవి. మనిషి ఏమీ టైప్ చేయకుండానే లెక్క పెరిగింది! దాంతో మనిషి కావాలని వెతికినవాటిని విడిగా చూపించడం మొదలుపెట్టారు. దేన్ని వెతకడం అనాలో ముందే తేల్చుకోకపోతే వాటా ఎటైనా లాగొచ్చన్నమాట.

మరి తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఎవరి వాటా ఎంత? ఇలాంటి పట్టణాలకు విడిగా అంకె చెప్పేవాళ్లను కొంచెం అనుమానంగానే చూడాలి. మొబైల్ డేటా వాడేవాళ్ల ఊరు బయటి సైట్లకు తరచూ హైదరాబాద్ లాంటి పెద్ద నగరంగా కనబడుతుంది. జిల్లాలవారీగా పాత, కొత్త అంకెలు పోల్చడమూ అంత సులువు కాదు. 2022 ఏప్రిల్ 4 దాకా ఈ మూడూ గుంటూరు జిల్లాలోనే ఉండేవి. ఆ రోజు నుంచి బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. పేరు అదే అయినా అప్పటి గుంటూరు జిల్లా వేరు, ఇప్పటిది వేరు.

కాలేజీ పిల్లలు పూనుకుంటే ఈ సర్వే చేయలేనిది కాదు. "మీరు ఏది వాడతారు?" అని మాత్రం అడగొద్దు. అందరూ గూగుల్ అనే అంటారు, విండోస్ ల్యాప్‌టాప్‌లో ఎడ్జ్ తెరిచి తెలియకుండానే బింగ్‌లో వెతికేవాళ్లు కూడా. వాళ్ల ముందే ఏదో ఒక మాట వెతికించి, ఏ పేజీ వచ్చిందో చూసి రాసుకోవాలి. బాపట్ల ఇంజినీరింగ్ విద్యార్థులనే అడిగితే ల్యాప్‌టాప్‌లు ఎక్కువ పడతాయి. తెనాలి మార్కెట్‌లోనే నిలబడితే ఆడవాళ్లు, ముసలివాళ్లు తగ్గొచ్చు. వందమందితో సరిపెట్టుకోకూడదు కూడా. అసలు వాటా 3 శాతమైతే, వందమందిలో ఒక్కరు తేలొచ్చు, ఆరుగురూ తేలొచ్చు. వెయ్యిమందినైనా కలిస్తేనే ఆ అంకెకు కొంత బలం వస్తుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ శాతాల మీద కోట్ల జరిమానాలు ఆధారపడి ఉన్నాయి. మాట్రిమోనీ డాట్ కామ్ (తెలుగు మాట్రిమోనీ నడిపేది ఈ చెన్నై కంపెనీయే), కట్స్ అనే వినియోగదారుల సంస్థ 2012లో చేసిన ఫిర్యాదులపై కాంపిటీషన్ కమిషన్ 2018 ఫిబ్రవరిలో గూగుల్‌కు దాదాపు 136 కోట్ల జరిమానా వేసింది. 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ ఫోన్ల వ్యవహారంలో మరో 1,337.76 కోట్లు. ఆ తర్వాత 2023 జనవరిలో, కొత్త ఆండ్రాయిడ్ ఫోన్ మొదలుపెట్టేటప్పుడు సెర్చ్ ఇంజిన్‌ను మనమే ఎంచుకునే వీలు ఇస్తామని గూగుల్ ప్రకటించింది. అయినా మన దేశంలో దాని వాటా పెద్దగా కదల్లేదు. మంచిదని వాడుతున్నామా, అలవాటై వాడుతున్నామా అన్నది ఈ శాతం ఒక్కటే చూసి తేల్చలేం.

అమెరికా కోర్టులోనూ దీనిపై గొడవ నడిచింది. వస్తువుల కోసం జనం అమెజాన్‌లోనూ వెతుకుతారు, వాటినీ కలపాలన్నది గూగుల్ వాదన. కలిపితే వాటా పడిపోతుంది మరి. జడ్జి అమిత్ మెహతా ఒప్పుకోలేదు. 2020లో అక్కడి సెర్చ్‌లలో గూగుల్‌కు 89.2 శాతం, ఫోన్లలో 94.9 శాతం ఉందని చెబుతూ, 2024 ఆగస్టు 5న అది చట్టవిరుద్ధ గుత్తాధిపత్యమని తీర్పిచ్చారు. ఫోన్లలో, బ్రౌజర్లలో ముందే తన సెర్చ్ ఉండేలా గూగుల్ 2021 ఒక్క ఏడాదిలో 26.3 బిలియన్ డాలర్లు చెల్లించిందన్న సంగతి కూడా ఆ కేసులోనే బయటపడింది.

మన ఊళ్లలో ఈ అంకె దుకాణాల దాకా వేరే దారిలో వస్తోంది. "నూటికి 97 మంది గూగుల్‌లోనే ఉన్నారు, నెలకింత ఇవ్వండి, మీ షాపు మొదట కనబడేలా చేస్తాం" అని ఫోన్లు చేసేవాళ్లున్నారు. వందమంది కస్టమర్లలో 97 మంది గూగుల్ చూసి వస్తారని ఆ అంకె చెప్పడం లేదు. గూగుల్ మ్యాప్‌లో షాపు పేరు, టైమింగ్స్ పెట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు. డబ్బు కట్టే ముందు ఒక నెలపాటు కౌంటర్ దగ్గర నోట్‌బుక్ పెట్టి, కొత్తగా వచ్చినవాళ్లను "మా షాపు ఎలా తెలిసింది?" అని అడిగి రాసుకోండి. ఫోన్‌లో చూశాం, బోర్డు చూశాం, చుట్టాలు చెప్పారు.. ఏది ఎన్నిసార్లు వచ్చిందో నెలాఖరుకు మీకే తెలుస్తుంది.