మీకు తెలుసా? దుడుకుతనానికీ, ఛాదస్తానికీ మెదడులోనే మూలాలున్నాయి!

వెనకాముందూ చూడకుండా పని చేసేసి, ఆనక నాలుక కరుచుకునేవాళ్లు కొందరు. వేసిన తాళాన్నే పదేపదే లాగి చూసుకుంటే తప్ప గడప దాటలేనివాళ్లు ఇంకొందరు. మొదటివాళ్లను దుడుకువాళ్లంటాం, రెండోవాళ్లది ఛాదస్తమంటాం. ఆ పేర్లు పెట్టేముందు మెదడు ఎదుగుదల, జన్యువుల గురించి ఈ సంగతులు తెలుసుకోవాలి.

1. మెదడంతా ఒక్కసారే ఎదగదు. ముందుచూపుకీ, కోరికను ఆపుకోవడానికీ ఆధారమైనది నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్. అది చివరగా పరిపక్వమయ్యే భాగాల్లో ఒకటి. ఇరవై దాటి చాలా ఏళ్లదాకా ఎదుగుతూనే ఉంటుంది. ఆనందం కోసం ఉరకలెత్తించే లోపలి భాగాలు మాత్రం టీనేజీలోనే జోరందుకుంటాయి. పదిహేనేళ్ల పిల్లాడు మంచీచెడూ తెలిసి కూడా ఆ క్షణాన తమాయించుకోలేకపోవడానికి ఈ తేడా ఒక ముఖ్య కారణం.

2. ఎదగడమంటే పెరగడం ఒక్కటే కాదు. పైరులో కలుపు తీసినట్టు, వాడకంలో లేని నాడీ కణాల బంధాలను మెదడు తొలగించుకుంటుంది, వాడేవాటిని గట్టిచేసుకుంటుంది. అమెరికాలో జే గీడ్ బృందం 1999లో ప్రచురించిన ఎంఆర్‌ఐ అధ్యయనంలో, మెదడు ముందుభాగంలోని గ్రే మ్యాటర్ (నాడీ కణాలు ఎక్కువగా ఉండే పదార్థం) ఆడపిల్లల్లో 11, మగపిల్లల్లో 12 ఏళ్ల ప్రాంతంలో గరిష్ఠానికి చేరి, తర్వాత తగ్గుతూ వచ్చింది.

3. పక్కన స్నేహితులుంటే కుర్రాళ్ల తెగింపు పెరుగుతుంది. మార్గో గార్డనర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించారు. తోటివాళ్లు చూస్తున్నప్పుడు టీనేజీ పిల్లలు ఎక్కువ ప్రమాదానికి తెగించారు. పెద్దవాళ్లలో మాత్రం ఆ తేడా దాదాపు లేదు.

4. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతిచురుకుతనం, దుడుకుతనం కలిసిన సమస్య) ఉన్న పిల్లల మెదడు ఎదిగే క్రమం మామూలుదే, కాకపోతే కాస్త ఆలస్యం. 2007లో ఫిలిప్ షా బృందం చేసిన పరిశీలనలో మెదడు పైపొర అయిన కార్టెక్స్ గరిష్ఠ మందానికి చేరిన వయసు ఇతర పిల్లల్లో సుమారు ఏడున్నరేళ్లు, వీళ్లలో పదిన్నరేళ్లు. కవలల అధ్యయనాల ప్రకారం, ఈ విషయంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో జన్యువుల వాటా సగటున 74 శాతం ఉంటుంది. అయితే దీనికి కారణం ఏ ఒక్క జన్యువో కాదు. ఎన్నో జన్యువులు తలా కొంచెం చెయ్యేస్తాయి.

5. ఒకే జన్యువు అంతా తలకిందులు చేయడం చాలా అరుదు. నెదర్లాండ్స్‌లోని ఒక కుటుంబంలో కొందరు మగవాళ్లు ఉన్నట్టుండి దాడులకు దిగేవారు. 1993లో హాన్స్ బ్రన్నర్ బృందం దానికి కారణం కనిపెట్టింది. సెరటోనిన్, డోపమైన్ వంటి రసాయనాలను విచ్ఛిన్నం చేసే ఎంఏఓఏ అనే ఎంజైము వాళ్లలో పనిచేయడం లేదు. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగవాళ్లకు ఉండేది ఒక్క ఎక్స్ కాబట్టి లోటు భర్తీ కాదు.

6. పెంపకం జన్యువు ప్రభావాన్ని మార్చగలదు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పుట్టినప్పటి నుంచీ గమనిస్తూ వచ్చిన మగపిల్లలపై 2002లో ఒక ఫలితం వెలువడింది. ఎంఏఓఏ తక్కువగా తయారయ్యే జన్యురకం ఉండి, బాల్యంలో హింసకు గురైనవాళ్లలో పెద్దయ్యాక దుష్ప్రవర్తన ఎక్కువగా కనిపించింది. అదే జన్యురకం ఉన్నా హింస ఎరగనివాళ్లలో అలా జరగలేదు.

7. ఇక ఛాదస్తం సంగతి. అది ముదిరి, వద్దనుకున్నా అవే ఆలోచనలు, అవే పనులు పదేపదే చేయించే జబ్బు ఓసీడీ. అది ఉన్నవాళ్లలో చాలామందికి తమ భయం అర్థంలేనిదని తెలుసు. అయినా ఆగలేరు. ‘ఏదో పొరపాటు జరిగింది, సరిచెయ్’ అనే హెచ్చరిక మెదడు ముందుభాగానికీ, స్ట్రయేటం, థాలమస్ అనే లోపలి భాగాలకూ మధ్య తిరుగుతూనే ఉంటుంది. దగ్గరి బంధువుల్లో ఎవరికైనా ఓసీడీ ఉంటే వచ్చే అవకాశం పెరుగుతుంది, వాళ్లకు అది చిన్నతనంలోనే మొదలై ఉంటే మరింత పెరుగుతుంది.

8. ఎలుకల్లోనూ ఇలాంటి ప్రవర్తన ఉంది. 2007లో గ్వోపింగ్ ఫెంగ్ బృందం శాప్‌ప్యాప్-3 అనే జన్యువు లేని ఎలుకలను తయారుచేసింది. అవి మొహం మీది వెంట్రుకలు ఊడి పుండ్లు పడేదాకా తమను తాము శుభ్రం చేసుకున్నాయి. ఆ జన్యువును స్ట్రయేటంలో తిరిగి చేర్చినవాటిలో ఈ సమస్య చాలావరకు కనిపించలేదు.

9. మందుల వల్ల కూడా దుడుకుతనం రావచ్చు. పార్కిన్సన్స్‌కు వాడే కొన్ని డోపమైన్ తరహా మందులతో కొందరు ఉన్నట్టుండి జూదానికీ, విపరీతమైన షాపింగ్‌కూ అలవాటు పడతారు. మోతాదు తగ్గిస్తే లేదా మందు మారిస్తే చాలామందిలో అది తగ్గుతుంది. అయితే ఆ పని డాక్టరే చేయాలి, సొంతంగా ఆపేయకూడదు.

10. మాటలతో చేసే చికిత్స కూడా మెదడును మారుస్తుంది. 1992లో లూయిస్ బాక్స్‌టర్ బృందం ఓసీడీ రోగులకు మెదడు చురుకును చూపే పెట్ స్కాన్లు తీసింది. మందుతో తేరుకున్నవాళ్లలోనూ, బిహేవియర్ థెరపీతో తేరుకున్నవాళ్లలోనూ స్ట్రయేటంలోని ఒకే భాగంలో చురుకు తగ్గింది.

కాబట్టి ‘మనసు గట్టిగా ఉంటే చాలు’ అని ఎవరినీ తీసిపారేయకండి. ఆగలేని అలవాటు చదువునో, కొలువునో, కాపురాన్నో దెబ్బతీస్తుంటే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు.