పొలములో బాటను మళ్లించుట

కొన్నియేండ్ల క్రిందట వర్షకాలమున మా తరగతిలోని యొక బాలుడు వారము దినములు వరుసగా ఆలస్యముగా వచ్చెను. వానిది నేరేడ్‌మెట్‌కు దూరముగా నున్న పల్లె. కారణ మడుగగా, బస్సు నిలుచు చోటికి తాము నడచు కాలిబాటను పట్టాదారు దున్ని ప్రత్తి విత్తెననియు, గెట్టు మీదుగా పొండని చెప్పెననియు విన్నవించెను. ఆ గెట్టు ప్రక్కనే కాలువ. వాని పుస్తకముల సంచి తడిసి యుండెను. దండింపబోయిన మేము సిగ్గుపడితిమి. బాట మళ్లింపును గూర్చి తెలిసికొనవలెనను కోరిక మాకు కలిగిన దప్పుడే.

పొలములోని దారు లన్నియు నొక్క తీరువి కావు. గ్రామపు నక్షాలో గుర్తింపబడిన దారిని తెలంగాణమున నక్షా బాట యందురు. అది పట్టాదారుని పొలము నడుమ నుండి పోయినను పట్టాదారుని సొత్తు కాదు. నిజాము ప్రభుత్వ కాలమున 1317 ఫసలీలో, అనగా క్రీ.శ. 1907–08లో, పుట్టిన భూమి శిస్తు చట్టము ప్రజలు నడచు రోడ్లును సందులును బాటలును ప్రభుత్వపు ఆస్తియని 24వ సెక్షనులో చెప్పుచున్నది. కావున అట్టి బాటను దున్నుటకు గాని ప్రక్కకు జరుపుటకు గాని ఒక రైతునకు తనంతట తానుగా అధికారము లేదు.

నక్షాలో లేని బాటలును కలవు. వెనుక చేను గల రైతు ముందు చేను మీదుగా పోవు దారి యట్టిది. మదరాసు రాజధానిలో ఆదినుండి అమలైన 1882 నాటి ఈస్‌మెంట్ల చట్టము ఇట్టివానిని గూర్చి విపులముగా చెప్పినది. ఇరువదియేండ్లు అడ్డులేకుండ, బహిరంగముగా, హక్కుగా నడచినచో ఆ దారి హక్కగును. అయితే చేనుగలవాని మొఱయు ఆ చట్టము వినినది. నడచువానికి నష్టము లేనిచో, దారిని చేనిలో నొక నిర్ణీత భాగమునకే పరిమితము చేయుమని అతడు కోరవచ్చును. వేఱు దారి లేనందున తప్పనిసరియై కలిగిన హక్కు విషయమున, ఏ వైపున నడువవలెనో చూపు అధికారము సాధారణముగా నేల నిచ్చినవానిదే. గాని అతడు చూపిన దారి నడచువానికి తగినంత అనుకూలముగా నుండవలెను. అతడు చూపనొల్లనిచో నడచువాడే చూచుకొనవచ్చును!

రైతు పక్షమున గూడ ఒక మాట చెప్పక తప్పదు. రెండెకరముల చేనిని మూల నుండి మూలకు కోసికొని పోవు బాట వలన సాళ్లు తెగును, ట్రాక్టరు తిరుగదు, దారినిబోవు పశువులు పైరు మేయును. అట్టి బాటను అంచునకు మళ్లింపుమని కోరుట దురాశ కాదు. తగవు వచ్చునది మళ్లించు వరుసలోనే. క్రొత్త బాట తీర్చిన పిదప పాతది మూయవలెను గాని, పాతది దున్నివేసి క్రొత్తది నోటితో చూపరాదు. ఇంగ్లండులో 1980 నాటి రహదారుల చట్టము ప్రకారము, మళ్లించిన బాట ప్రజలకు మునుపటికంటె చెప్పుకోదగినంత అసౌకర్యముగా నుండరాదు. ఆక్షేపణలు చెప్పుటకు కనీసము 28 దినముల గడువు ఈయవలెను.

మన పల్లెలలో ఈ అసౌకర్యమును ఎండకాలమున కొలువరాదు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకొన్న ముసలమ్మ శ్రావణమాసమున ఆ గెట్టు మీద నడువగలదా? నలుగురు పాడె మోయుటకు వెడల్పు చాలునా? మా బాలుని పల్లెలో పెద్దలు కూర్చుండి నక్షా విప్పి చూచిరి. బాట నక్షాలోనే యున్నది. పట్టాదారు ఆ కారు పంటవరకు గడువు కోరి, కాలువ మీద రెండు సిమెంటు గొట్టములు వేయించి, మట్టి పోయించెను. మధ్యలో నున్న బాటను అంచునకు మార్చుటకు అర్జీయు పెట్టెను. ఆ పని ముందే చేసియుండిన నెంత బాగుండెడిది!

ఇది పల్లెల గొడవ మాత్రమే యని నేరేడ్‌మెట్ వారు తలపరాదు. మనము సికింద్రాబాదునకు పోవు దారులు కొన్ని సైన్యపు నేలల మీదుగా పోవుచున్నవి. 2014లో ఏ.ఓ.సి. ప్రాంతపు దారులను పౌరుల రాకపోకలకు మూయు ప్రతిపాదన వచ్చినప్పుడు, ముందు వేఱు దారి చూపుడనియే జనులు కోరిరి. 2006 నాటి కంటోన్మెంట్ల చట్టము 258వ సెక్షను ప్రకారము, రక్షణ కారణము లేనిదే, ప్రజలకు నోటీసు ఇచ్చి ఆక్షేపణలు కోరనిదే ఏ వీధిని గాని శాశ్వతముగా మూయరాదు. 2018 మే నెలలో రక్షణ మంత్రిత్వశాఖ, ఆ పద్ధతి పాటింపక మూసిన దారులను తెఱువుమని దేశమందలి 62 కంటోన్మెంట్లకు ఉత్తరువు చేసెను.

పల్లెలో బాట మూసినచో ముందుగా తహసిల్దారు కచేరీలో గ్రామపు నక్షా నకలు తీసికొని, సర్వే నంబరు వ్రాసి, నడచువా రందఱి సంతకములతో అర్జీ ఈయవలెను. దానికి రసీదు అడుగుట మఱువరాదు. తగవు ముదిరి శాంతిభంగము కలుగునట్లున్నచో ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు విచారింపవచ్చును. విచారణకు అధికారి వచ్చిన దినమున పెద్దలతో పాటు, ప్రతిదినము ఆ బాటను బడికి నడచు పిల్లలను గూడ పిలిపింపుడు. ఏ చోట జారునో వారికే తెలియును.