అంకె చూచి మోసపోవద్దు

నిరుడు మా పిల్లవాడి రేడియో కారుకు బ్రష్షు లేని మోటారు కొనబోయి, వాడు వద్దంటున్నా పెద్ద అంకె ఉన్నదే తెచ్చాము. పాత పళ్లచక్రంతోనే నడిపాము. వారం తిరక్కుండానే కాలిపోయింది. వాడు దాచుకున్న డబ్బు పోయింది, తప్పు మాది.

ఆ 'కేవీ' అంకె బలం కాదండీ. బరువు లేనప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లో చెప్పే లెక్క. 7.4 వోల్టుల బ్యాటరీపై 2000 కేవీ మోటారు 14,800 చుట్లు, 3500 కేవీది 25,900 చుట్లు తిరుగుతుంది. కేవీ హెచ్చితే మోటారు కొసనున్న పళ్లచక్రం చిన్నది కావాలి. లేకుంటే మోటారు వేడెక్కుతుంది.

సెన్సారు ఉన్నది కుదుపు లేకుండా మెల్లగా బయలుదేరుతుంది. లేనిది చవక, తీగ బెడద లేదు. కాని కదిలేటప్పుడు తడబడుతుంది.

ఈమారు ఎంపిక వాడికే వదిలాము. చిన్న అంకెదే తెచ్చాడు. పరుగు కాగానే చేయి పెట్టి చూస్తే గోరువెచ్చనే!