కాలి గాయంలో తెల్లని తాడు కనిపిస్తే కట్లతో కాలం గడపకండి

ఈసారి పురుగుల రోగాల గురించి కాదు, మన కాళ్ళ గురించి రాస్తున్నాం.

మన పనిలో కాలికి దెబ్బ తగలడం కొత్త కాదు. మల్బరీ కొమ్మలు కోసేటప్పుడు కొడవలి జారుతుంది. పవర్ టిల్లర్ పళ్ళు తగులుతాయి. గూళ్ళ మూటలతో మార్కెట్‌కు పోయే బండి పడిపోతుంది, పాదం చక్రంలో ఇరుక్కుంటుంది. తొడ మీద అయితే కండ మందం కాబట్టి గాయం పూడుతుంది. మోకాలి కింద, ముఖ్యంగా చీలమండ దగ్గర, చర్మం తీస్తే ఎముక, తెల్లని తాళ్ళే ఉంటాయి. ఆ తాళ్ళు కండను ఎముకకు కట్టి పాదాన్ని ఆడిస్తాయి. మనం నరాలు అంటాం, డాక్టర్లు టెండన్లు అంటారు.

ఆ తాడు మీద సన్నని పొర ఒకటి ఉంటుంది. రక్తం అందేది ఎక్కువగా దాని నుంచే. గాయం తెరిచి ఉండి ఆరిపోతే పొర చచ్చిపోతుంది, తాడు రంగు మారి కుళ్ళి ఊడిపోతుంది. తర్వాత గాయం మానినా పాదం మునుపటిలా ఆడదు. చీము ఎముకకు పాకితే కాలికే ముప్పు.

"తొడ చర్మం తీసి అతికిస్తే సరిపోదా?" అని చాలామంది అడుగుతారు. మన భాషలో చెప్పుకుందాం. తొడ నుంచి తీసిన పలుచని చర్మం వేర్లు లేని మల్బరీ కట్టె మాదిరి. తడి నేలలో గుచ్చితే వేరు పడుతుంది, బండ మీద పెడితే ఎండుతుంది. తాడు మీద పొర బాగుంటే ఆ చర్మం పట్టవచ్చు. పొర పోయిన తాడు బండతో సమానం.

అప్పుడు చేసేది ఫ్లాప్ ఆపరేషన్. ఇది మట్టి గడ్డతో సహా మొక్కను తెచ్చి నాటడం. చర్మాన్ని, అవసరమైతే కండను, దాని రక్తనాళంతో సహా జరిపి గాయం మీద కప్పుతారు. ముందుగా చచ్చిన భాగమంతా తీసి శుభ్రం చేస్తారు. మోకాలి దగ్గర గాయానికి పిక్క కండను తిప్పుతారు. చీలమండ, మడమ దగ్గరైతే పిక్క వెనక చర్మాన్ని కిందికి తిప్పి కప్పడం ఒక పద్ధతి. 1992లో ఫ్రాన్స్ డాక్టర్ మాస్కెలే బృందం దీన్ని వివరించింది. గాయం మరీ పెద్దదైతే తొడ నుంచో వీపు నుంచో ముక్క తెచ్చి, మైక్రోస్కోప్ కింద రక్తనాళాలను కలిపి కుడతారు. మన పట్టుదారం ఆసుపత్రుల్లో కుట్లకు వాడతారు గానీ, ఈ పనికి వెంట్రుక కన్నా సన్నని నైలాన్ దారం వాడతారు.

ఈ ఉపాయం మన దేశానికి పాతదే. పుణెలో ముక్కు కోల్పోయిన ఒక బండివాడికి నుదుటి చర్మం తిప్పి ముక్కు కట్టిన సంగతి 1794లో లండన్ పత్రికలో వచ్చింది.

మా చిత్తూరు వైపు వాళ్ళకు చెన్నై దూరం కాదు. తిరుపతి నుంచి రైలెక్కి సెంట్రల్‌లో దిగితే ఎదురుగానే రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి. స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రిలో 1971లో డాక్టర్ ఆర్. వెంకటస్వామి చేతి శస్త్రచికిత్స విభాగం మొదలుపెట్టారు. ప్లాస్టిక్ సర్జరీ కూడా అక్కడే ఉంది. ప్లాస్టిక్ సర్జరీ అంటే అందం కోసమే అనుకోకండి. ఇట్లాంటి కాళ్ళను కాపాడేది ఆ విభాగమే.

కుప్పం వైపు నుంచి ధర్మపురి మార్కెట్‌కు పోయేవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. తమిళనాడులో రోడ్డు ప్రమాదం జరిగితే, ఏ రాష్ట్రం వాళ్ళకైనా పథకంలో చేరిన ఆసుపత్రుల్లో మొదటి 48 గంటల చికిత్స పరిమితి మేరకు ఉచితం. ఈ పథకం 2021 డిసెంబర్‌లో మొదలైంది.

దెబ్బ తగిలిన వెంటనే ఏం చేయాల?

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. మట్టి ఉంటే శుభ్రమైన నీళ్ళతో కడగండి. సెలైన్‌తోగానీ కాచి చల్లార్చిన నీళ్ళతోగానీ తడిపిన గుడ్డ కప్పండి, ఆరనివ్వకండి. షెడ్డులో చేతికందే సున్నం, బ్లీచింగ్ పౌడర్, ఇంట్లో ఉండే పసుపు, కాఫీ పొడి ఏదీ వేయకండి. వేలాడే తాడును కత్తిరించకండి. అదే రోజు ఆసుపత్రికి పోయి టీటీ సూది గురించి అడగండి. "లోపల తాడు కనపడుతోంది, ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించాలా?" అని నోరు తెరిచి అడగండి.

ఆపరేషన్ తర్వాత కాలు ఎత్తుగా పెట్టుకుని కొన్ని వారాలు కదలకుండా ఉండాల. బీడీ, సిగరెట్ తాగితే రక్తనాళం ముడుచుకుని ఫ్లాప్ చచ్చిపోవచ్చు. షుగర్ అదుపులో ఉంచాల. వేసిన చర్మం నల్లబడినా, పాలిపోయినా వెంటనే నర్సుకు చెప్పాల.

ఇక అందరికీ కష్టమైన మాట. చాకీ పురుగులు బుక్ చేసి ఉన్నాం, ఈ పంట అయ్యాక చూపించుకుంటాం అని మనలో చాలామంది అంటారు. ఒక పంటకు నెల రోజులు. తాడు అంతకాలం ఆగదు. పంట వదిలేస్తే తోట చావదు. ఆకు కోసేస్తే మళ్ళీ చిగురిస్తుంది. పోయిన కాలు చిగురించదు.

ఈ మెసేజ్ దాచుకోండి. ఇంట్లో బండి నడిపే పిల్లలకు, షెడ్డులో పనిచేసే కూలీలకు కూడా వినిపించండి.