వందాపుష్పము - దాని వేటగాడు



మూడు వేసవుల క్రిందట, మా యింటికి చదువుకొన వచ్చు బాలుడొకడు ఆదిలాబాదు అడవులలోని తన యూరినుండి ఇప్పకొమ్మతో గూడ నొక బదనికను తెచ్చి యిచ్చెను. పసుపుఛాయ రేకులపై గోధుమవన్నె గళ్ళు, నడుమ ఊదారంగు పెదవి. దాని పరిమళము వసారా యంతటను నిండెను. మేము దానిని కొమ్మనుండి యూడబెరికి, కుండలో నల్లరేగడిమన్ను నింపి నాటి, దినమునకు రెండుమారులు నీరు పోసితిమి. నెల తిరుగక మునుపే వేళ్ళు కుళ్ళి యది చచ్చెను. చేతులారా చంపితిమను చింతయే ఈ పూల చరిత్రను మాచేత చదివించినది.

అమరకోశము చదివినవారికి వందా, వృక్షాదని, వృక్షరుహ యను పేర్లు క్రొత్తవి కావు. చెట్టు రసమును పీల్చి బ్రదుకు మొక్కను గూడ మనము బదనిక యనియే పిలుతుము. కాని మేము చెప్పు నీ వందా యట్టిది కాదు. తెల్లని పొర గప్పిన వేళ్ళతో వాననీటిని, మంచును గ్రహించి, తన యాహారమును తన యాకులతోనే వండుకొనును. చెట్టు దీనికి ఆసనమే గాని అన్నదాత కాదు. సామర్లకోటలో తోటను పెంచిన రాక్సుబరో దొర, కోరమాండలు తీరపు మొక్కలను గూర్చిన తన గ్రంథమున 1795లో దీనిని వర్ణించెను. మన వందా శబ్దమే ఐరోపా శాస్త్రజ్ఞులకు ఈ ప్రజాతి పేరైనది.

ఈ వందాకు ఖాసీ కొండలలో నీలవర్ణపు చెల్లెలు కలదు. దానిని సీమకు పంపిన వేటగాడు తామస్ లాబు. ఇతడు ఇంగ్లండున కార్నువాలు సీమలో 1817లో పుట్టి, ఎక్సెటరు పట్టణమున వీచ్ వారి మొక్కల వర్తకశాలలో తోటపని నేర్చెను. విక్టోరియా రాణి కాలమది. ధనికులు అద్దాల యిండ్లు కట్టి, వానిని కాచి, ఉష్ణదేశముల ఆర్కిడు పూలను పెంచుట ఘనతగా నెంచిరి. 1843లో యజమానులు లాబును సింగపూరునకును జావాకును బంపిరి. మొక్క దొరికినంతనే పని ముగియదు. నెలల తరబడి ఓడ ప్రయాణమున నది బ్రదికి యుండవలెను. తాను త్రొక్కిన త్రోవల నితరులకు జెప్పు స్వభావ మతనికి లేదు.

పిమ్మట నతడు ఖాసీ కొండలకు వచ్చెను. అతడు పంపిన నీలవందా 1850లో వీచ్ వారి యద్దాలయింట పూచెను. ఆ యేడే హుకరు పండితుడు అక్కడి సిందూరవృక్షములనుండి ఏడుగురు మనుష్యులు మోయునంత నీలవందాను సేకరించెను. అందు మిక్కిలి కొలదియే ప్రాణముతో సీమ చేరినది. వేరొకరు పంపిన ఒక్క మనిషి మోపు, వాడిన స్థితిలో జేరియు, 300 పౌనులకు అమ్ముడుపోయెను. అనేకుల సేకరణచేత మైళ్ళ పొడవున బాట గాలివాన కొట్టినట్లు కొమ్మలతోను ఆర్కిడులతోను నిండిపోయినదని హుకరే యొక లేఖలో వాపోయెను. దక్షిణామెరికాలో మిల్లికను అను వేటగాడు పదివేల మొక్కలకై నాలుగువేల చెట్లను నరికించెను. ఆ చెట్లెక్కినవారిని దలచువారు అరుదు.

లాబు బ్రదుకైనను సుఖాంతము కాలేదు. 1860 ప్రాంతమున ఫిలిప్పైను దీవుల ప్రయాణమున నొక కాలు కోల్పోయెను. స్వగ్రామ ప్రాంతమున నిరాడంబరముగా జీవించి 1894లో మరణించెను. అతని పూలు కొన్నవారి మేడలలో నాతని పేరు దలచినవా రెందరో!

ఆర్కిడు కాయలో లక్షల విత్తనము లుండును. కాని ధూళివంటి యా విత్తనమున ఆహారము లేదు. ఒక బూజు తోడ్పడిననే అది మొలచును, పూచుటకు ఏండ్లు పట్టును. పెరుకుటకు మాత్రము ఒక్క నిమిషము చాలును. 1991లో సవరింపబడిన వన్యప్రాణి సంరక్షణచట్టము నీలవందాను రక్షిత మొక్కలలో జేర్చినది. మన కరీంనగరు, ఆదిలాబాదు సీమల వందాకు మన దయయు రక్ష కావలెను.

కాబట్టి అమ్మలారా, అడవినుండి యెవరైన బదనికను తెచ్చిన మెచ్చుకొనకుడు. గాలికి విరిగిపడిన కొమ్మపై దొరికెనేని, మన్నున నాటక, పెరటి మామిడిపై కొబ్బరిపీచుతో గట్టి, వేళ్ళకు గాలి తగులనిండు. ఇప్పచెట్టుపై నున్న పూవును మాత్రము అచ్చటనే చూచి రండు. మే మిప్పుడు ప్రతి వేసవి యట్లే చేయుచున్నాము.