ఆరిన తరువాతే అసలు నలుపు

నలుపు ఒకటి, తెలుపు ఒకటి. రెండే రంగులు కదా, వాటిని కాగితం మీద అచ్చు వేయడంలో అంత తంటా యేముందని అడిగేవారు చాలామంది వున్నారు. అడగడం సబబే. ఐతే మీ యింటి గోడకు వేలాడుతూన్న పాత ఫోటో ఒకటి దించి చూడండి. అందులో అచ్చమైన నలుపు ఎంత వుంది? తాతగారి కోటు మడతలో కాస్త, నాయనమ్మగారి జడలో కాస్త. అచ్చమైన తెలుపు? ముక్కుపుడక మీది మెరుపంత. తక్కినదంతా బూడిద రంగే. ఆ బూడిద రంగు మెట్లన్నీ క్రమం తప్పకుండా వస్తేనే ముఖం ముఖంలా వుంటుంది. తప్పితే పిండిబొమ్మో, మసిబొమ్మో అవుతుంది.

పాత ఫోటోలకు కాపీలు కావాలంటే ఈ రోజుల్లో ఇంక్‌జెట్ ప్రింటరు మీద తీయించడం వాడుక. 1977లో జపానులోని కానన్ సంస్థలో ఇచిరో ఎండో అనే ఇంజనీరు వుండేవాడు. సిరా నింపిన సూదికి వేడి టంకపు కడ్డీ తగిలి, సూది మొనలోంచి చుక్క ఎగిరిపడటం చూశాడు. వేడితో చుక్కను చిమ్మే యంత్రానికి అది దారి చూపింది. మరికొన్ని యంత్రాలలో వేడి వుండదు. విద్యుత్తు సోకితే కదిలే చిన్న పలక సిరాను నెడుతుంది. ఏ దారిని వచ్చినా ఆ చుక్క కొలత కొద్ది పికోలీటర్లే. లీటరును లక్ష కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం పికోలీటరు అన్నమాట!

మామూలు ప్రింటరు బూడిద రంగును నీలి, గులాబి, పసుపు సిరాలు కలిపి తయారు చేస్తుంది. అటువంటి ఫోటో ట్యూబులైటు కింద ఒక ఛాయగా, ఎండలో మరొక ఛాయగా కనబడటం కద్దు. అందుకని మంచి ప్రింటర్లలో నలుపుతోబాటు పలచని నలుపు, ఇంకా పలచని నలుపు కూడా పెడతారు. ఎప్సన్ వారు 2005లో ఇలా మూడు నలుపుల సిరాలు తెచ్చారు. ఈ నలుపులో వుండేది కార్బన్ పొడి. మన తాళపత్రాల మీద గంటంతో గీసిన అక్షరాలకు పట్టించిన మసికి ఇది దగ్గరి చుట్టమే.

ఇక సిరా ఆరడం సంగతి. ప్రింటరు మొనలోని రంధ్రాలు వెంట్రుక కంటే సన్నం. అందులో సిరా గడ్డ కడితే యంత్రం మూలపడ్డట్టే. అంచేత నీటితోబాటు గ్లిసరిన్, గ్లైకాల్ వంటి ద్రవాలు కలుపుతారు. అవి తొందరగా ఆరవు. మొనలో వున్నంతసేపూ అది సుగుణమే. కాగితం మీద పడ్డాక అదే పేచీ! నీరు కొద్ది నిమిషాలలో ఎగిరిపోతుంది. వేలితో ముట్టుకుంటే అంటదు. గ్లైకాల్ మాత్రం గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రోజుకు పైగా, మెల్లమెల్లగా ఆవిరవుతూ వుంటుంది. గ్లిసరిన్‌కు గాలిలోని చెమ్మను లాగే గుణం కూడా వుంది. కాబట్టి మన కోస్తా వానాకాలంలో ఈ పని మరింత నిదానం.

ఆరేలోగా నలుపు మారుతుందా? మారుతుంది. తడిపిండితో ముగ్గు పెట్టే ఇల్లాలిని అడగండి, చెబుతుంది. పెట్టినప్పుడు గీత వెలవెలబోతూ వుంటుంది. ఆరిన తరువాత తెల్లగా పైకి తేలుతుంది. గోడకు కొట్టిన సున్నమూ అంతే. తడిగా వున్నప్పుడు రేణువుల మధ్య నీరు నిండి వెలుతురు లోపలికి జారిపోతుంది. ఆరాక ఆ సందుల్లో గాలి నిండి వెలుతురు చెదిరి, తెలుపు కనబడుతుంది. మెరుపు లేని ఫోటో కాగితం మీద పూత కూడా ఇటువంటి సన్నని సందుల పూతే. కనుక తడిగా వున్నంతసేపూ నలుపు చిక్కగా కనబడి, ఆరాక కాస్త తేలిపోతుంది.

చీకటిగదిలో కడిగి తీసే పాత పద్ధతి ఫోటోల తీరు దీనికి సరిగ్గా తలకిందులు. అవి తడిగా వున్నప్పుడు తేటగా వుండి, ఆరాక నల్లబడతాయి. అమెరికాలో కొండల ఫోటోలకు పేరుపడ్డ ఏన్సెల్ ఆడమ్స్ ఈ తేడా ముందే తెలుసుకోవడానికి, పరీక్ష ముక్కలను మైక్రోవేవ్ పొయ్యిలో ఆరబెట్టి చూసుకునేవాడు. అంతటివాడు కూడా తడి ఫోటోను నమ్మలేదు సుమా!

ఇది ఒక్క ఫోటోతో పోయే చిక్కు కాదు. ప్రింటరుకు ముందుగా తూకం సరిచేయాలి. నలుపు నుంచి తెలుపు దాకా 21 గళ్ల పట్టీ అచ్చు వేసి, ప్రతి గడి వెలుగునూ పరికరంతో కొలుస్తారు. కొలబద్ద 0 నుంచి 100 దాకా వుంటుంది. 0 కటిక నలుపు, 100 నిండు తెలుపు. మెట్లు కంటికి సమంగా తోచేటట్టు 1976లో అంతర్జాతీయంగా కుదుర్చుకున్న కొలబద్ద ఇది. ఉదాహరణకు కాగితం తెలుపు 96, సిరా నలుపు 16 అనుకుందాం. మధ్య దూరం 80, మెట్లు 20, ఒక్కొక్క మెట్టు 4. ఏ గడి ఈ లెక్క తప్పినా అక్కడ సిరా ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో ఒక పట్టిక తయారవుతుంది. ఆ తరువాత తీసే ప్రతి ఫోటో ఆ పట్టిక ప్రకారమే వస్తుంది.

పట్టీ ఆరకముందే కొలిచారనుకోండి. 16 రావలసిన నలుపు 14 అని చూపవచ్చు. అంటే అర మెట్టు తేడా. ఈ తేడా అంతటా ఒకే రీతిగా కూడా వుండదు. సిరా ఎక్కువగా పడ్డ ముదురు గళ్లలో ఎక్కువ, లేత గళ్లలో దాదాపు శూన్యం. దొంగరాళ్లతో తూచినట్టు, చీకటి భాగాలన్నీ తప్పుతాయి.

చీకటి భాగాలలో ఏముంటుంది, పోతే పోయిందిలే అంటారా? మా మేనత్తను అడిగితే చెబుతుంది. ఆమె తల్లికి, అంటే మా నాయనమ్మకు, ఒకే ఒక్క ఫోటో వుంది. ఒక మూల చెదలు కొట్టేసింది. తక్కినది యేటికేడాది వెలిసిపోతున్నది. ఊళ్లో ఒక దుకాణంలో కాపీ తీయించి, ఆ గంటలోనే అద్దం కట్టించి తెచ్చారు. వారం తిరక్కుండా అద్దం లోపల పొగమంచులా మసక కమ్మింది. "అమ్మ ఫోటోకు బూజు పట్టిందిరా" అని అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకుంది. అది బూజు కాదు; బయటికి పోయే దారిలేక అద్దానికి పట్టిన గ్లైకాల్ ఆవిరి. అద్దం విప్పి తుడిస్తే మసక పోయింది. కాని ఆమె అసలు బాధ వేరు. "అమ్మ నల్ల రవికె చేతులకు తనే కుట్టుకున్న లతలున్నాయి. పాత ఫోటోలో ఇప్పటికీ ఆనవాలు తెలుస్తున్నది. ఇందులో చెయ్యంతా బొగ్గుముద్దలా వుందేమిట్రా?"

ఆ పని నేను చేతికెత్తుకున్నాను. ముందు పట్టీ అచ్చు వేసి, ఒక రోజు ఆరనిచ్చి కొలిచాను. సరిచేసి రెండో పట్టీ వేసి, దానికీ ఒక రోజు ఇచ్చాను. మెట్లు సమంగా కుదిరాక గాని ఫోటో అచ్చు వేయలేదు. అత్తయ్య కొడుక్కి వోపిక తక్కువ. ఫోటో మీద వేలు రాసి చూపించి, "అంటడం లేదుగా బావా, ఆరినట్టే. సాయంత్రానికి అద్దం కట్టించేద్దాం" అన్నాడు. నేను గ్లైకాల్ పురాణం విప్పబోతుంటే అత్తయ్యే అడ్డం వచ్చింది. "వడియాలు కూడా పైకి ఆరినట్టే వుంటాయిరా. ఆ మాట నమ్మి డబ్బాలో పోస్తే నాలుగో రోజుకు బూజు. వాడు ఆరలేదంటే ఆరలేదు." దానితో మా బావ నోరు మూతపడింది.

మర్నాడు కిటికీ దగ్గర వెలుతురులో ఆమె చేతికిచ్చాను. కళ్లజోడు పైకి జరిపి, ముఖం చూడకుండా ముందు రవికె చెయ్యి చూసింది. వేలితో లత వెంట మోచేతి దాకా నడిచి, "ఇదిగో, ఇక్కడ దారం చాలక ఆకు ఒకటి తక్కువ కుట్టింది" అంది. ఆ ఆకు లేని సంగతి అంతవరకు మాలో ఎవరికీ తెలియదు.

సొంత ప్రింటరు వున్న చదువరులు ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. మీరు వాడే కాగితం మీద ఒక నల్ల గడి, ఒక ముదురు బూడిద గడి అచ్చు వేయండి. అయిదు నిమిషాలకు, గంటకు, మర్నాటికి కొలిచి అంకెలు రాసుకోండి. అంకె మారడం ఎప్పుడు ఆగిందో అదే ఆ కాగితం ఆరే వేళ. కాగితం మారినా, కాలం మారినా మళ్లీ చూసుకోవాలి. జుట్టు ఆరబెట్టే యంత్రం పడితే నీరు పోతుంది గాని గ్లైకాల్ పూర్తిగా పోదు. ఫోటోను బల్ల మీద పరచి, పావుగంట తరువాత పైన పూతలేని మామూలు తెల్లకాగితం కప్పండి; మిగిలిన ద్రవాన్ని అది పీలుస్తుంది. మధ్యలో ఒకసారి ఆ కాగితం మార్చి, కనీసం ఒక రోజు ఆగండి. అద్దానికీ ఫోటోకూ నడుమ అట్టతో కాస్త ఎడం వుంచండి.

దుకాణంలో తీయించేవారు రెండు ప్రశ్నలు అడిగితే చాలు: "ఈ కాగితానికి మీ ప్రింటరు తూకం సరిచేశారా? అద్దం ఎప్పుడు కడతారు?" రెండో ప్రశ్నకు "ఇప్పుడే కట్టిస్తాం, కూర్చోండి" అని జవాబు వస్తే, కాఫీ ఇచ్చినా సరే కూర్చోకండి. రేపు వస్తామని చెప్పి యింటికి రండి.